యుద్ధం చూసొచ్చినోళ్లతో ఇంట్లో ఎట్టా ఉండాలంటే

యుక్రెయిన్‌లో ఉండే ఖేర్సన్ సిటీ 2022లో మార్చి నుంచి నవంబర్ దాకా రష్యా సైన్యం చేతిలో ఉండింది, అట్టాంటి చోట నుంచి నెల్లూరుకి వచ్చినోళ్లు మీ ఇంట్లో ఉంటే ఏం జరిగిందో చెప్పమని గుచ్చి గుచ్చి అడగబాకండి, వాళ్లే చెప్తే వినండి చాలు. చిన్నపిల్లలు నోటితో చెప్పరు, పక్క తడుపుతారు, అమ్మ కొంగు వదలరు, బొమ్మలతో మళ్లీ మళ్లీ అదే యుద్ధం ఆడతారు, తిట్టబాకండి, టైంకి అన్నం పెట్టి లైటేసి పడుకోనీండి. టీనేజోళ్లు కసురుకుంటారు, మనమేమో పొగరు అనేస్తాం. పెద్దోళ్లు గుండె దడ, ఒళ్లునొప్పులు అంటారు గానీ భయం అనరు. దీపావళి టపాసులు కాల్చేముందు చెప్పండి, గేటు దబాల్న వెయ్యబాకండి. నెల దాటినా పీడకలలు తగ్గకపోతే, తాయెత్తు కట్టించినా సరే, సైకియాట్రిస్ట్ దగ్గరికి కూడా తీసుకుపోండి, మనసు బాధలకి గవర్నమెంటోళ్లు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లా. చచ్చిపోతానంటే మాత్రం నెల ఆగబాకండి, ఆ రోజే పోవాలి.