ఇంటి ఫొటోలను ముఖాల ఆధారంగా సర్దుకోవడం

స్కాన్ చేసిన పాత ఆల్బములూ, ఫోన్లలో తీసినవీ కలిసి వేల ఫొటోలు పోగైన ఇంటికి డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నేను నమ్మకంగా సూచిస్తాను. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేసే ఈ ప్రోగ్రామ్ ముఖాలను మన కంప్యూటర్‌లోనే పోల్చుకుంటుంది కనుక, ఈ పని కోసం పిల్లల ఫొటోలను బయటి సర్వర్లకు పంపనవసరం లేదు.

ముందుగా ఫొటోలన్నిటినీ ఒకచోట చేర్చి, వేరే హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ పెట్టుకోండి. ఆపైన సెట్టింగులలోని మెటాడేటా (ఫొటో గురించిన వివరాల) విభాగంలో, ముఖాల ట్యాగులను, అంటే ముఖాలకు మనం పెట్టే పేర్లను, ఫొటో ఫైల్‌లోనే రాసే ఎంపిక ఆన్‌లో ఉందో లేదో తప్పక చూసుకోండి. ఇలాగే ముఖాలకు పేర్లు పెట్టుకోనిచ్చిన పికాసా అనే ఫొటోల ప్రోగ్రామ్‌ను గూగుల్ 2016లో నిలిపివేసింది. అయినా అందులోని ఎక్స్ఎంపీ (వివరాలను ఫొటో ఫైల్‌లోనే దాచే పద్ధతి) సౌకర్యంతో పేర్లను ఫైళ్ళలోకి రాయించుకున్నవారి శ్రమ వృథా కాలేదు.

ఇక పీపుల్ ప్యానెల్ తెరిచి ముఖాల కోసం స్కాన్ చేయించండి. మొదట ముఖాలన్నీ ‘అన్‌నోన్’ కింద పడతాయి. ఒక్కొక్కరికీ వేర్వేరు వయసుల్లోని కొన్ని ముఖాలను ఎంచుకుని పేర్లు పెట్టి, గుర్తింపును మళ్ళీ నడిపితే, మిగిలినవాటికి ప్రోగ్రామే పేర్లు సూచిస్తుంది. ప్రతి ముఖాన్నీ అంకెల వరుసగా మార్చి, దగ్గరగా ఉన్న వరుసలను ఒకే మనిషిగా భావించడమే దీని పద్ధతి. అందుకే పోలికలున్న అక్కచెల్లెళ్ళనూ, పసిపిల్లలనూ తారుమారు చేస్తుంది. సూచనలను గుత్తగా ఆమోదించకుండా ఒక్కొక్కటీ చూసి నిర్ధారించండి. గోడమీది క్యాలెండర్‌లోని దేవుడి ముఖాన్ని పట్టుకుంటే దాన్ని విస్మరించమని చెప్పవచ్చు.

పేరు ఎలా రాయాలన్నది అన్నిటికన్నా ఆలోచించవలసిన విషయం. నాకు అమ్మమ్మ అయిన మనిషి మా మేనమామ పిల్లలకు నాయనమ్మ కనుక వరుసలు రాస్తే తరువాతివారికి అర్థం కాదు. తాత పేరే మనవడికి పెట్టే మన ఇళ్ళలో ఉత్త పేరు కూడా చాలదు; ఇంటిపేరు, పేరు, పుట్టిన సంవత్సరం కలిపి రాయండి.

చివరకు పేరు లేని ముఖాలు కొన్ని మిగులుతాయి. వాటిని పెద్ద తెర మీద పెట్టి ఇంట్లో పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక నలుపు తెలుపు పెళ్ళి ఫొటోలో, పందిరి రాట చాటున సగమే కనిపిస్తున్న అమ్మాయిని ప్రోగ్రామ్ ముఖంగానే గుర్తించలేదు. మా అమ్మ మాత్రం చెవి జూకాలు చూసి తన చిన్నత్త అని చెప్పింది. అటువంటి ముఖం చుట్టూ మౌస్‌తో చతురస్రం గీసి, ఆ పేరు అప్పుడే రాసి పెట్టండి.