కిడ్నీ లెక్కలు – 3వ పాఠం: క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్‌ఆర్

ఈజీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా. రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థం కొలతతో దాన్ని కడతాం. ముందు గత పాఠం లెక్కకు (క్రియాటినిన్ యూనిట్ మార్చడం) జవాబు. లీటరుకు 160 మైక్రోమోల్ క్రియాటినిన్‌ను 88.4తో భాగిస్తే డెసిలీటరుకు 1.81 మిల్లీగ్రాములు. యూనిట్ మార్చకుండా 160నే సూత్రంలో వేస్తే జవాబు సున్నా దగ్గర తేలుతుంది. అలా వచ్చిందంటే తప్పు యూనిట్‌దే, కిడ్నీది కాదు.

ఇక ఈజీఎఫ్‌ఆర్ కట్టే 2021 సీకేడీ-ఎపి (దీర్ఘకాల కిడ్నీ జబ్బు పరిశోధక బృందం) సూత్రం. దీనికి కావలసినవి మూడే: సీరం క్రియాటినిన్, వయసు, ఆడా మగా. బరువు అక్కర్లేదు. 2009 నాటి సూత్రంలో ఉన్న జాతి గుణకాన్ని (నల్లజాతివారికి అదనంగా గుణించే అంకెను) ఇందులో తీసేశారు, కాబట్టి కాలిక్యులేటర్ ఏ సంవత్సరం సూత్రంతో పనిచేస్తోందో చూసుకోండి.

62 ఏళ్ల మహిళ, క్రియాటినిన్ డెసిలీటరుకు 1.4 మిల్లీగ్రాములు అనుకుందాం.

మొదట క్రియాటినిన్‌ను ఆడవారికైతే 0.7తో, మగవారికైతే 0.9తో భాగించాలి. ఇక్కడ 1.4 ÷ 0.7 = 2.

ఈ నిష్పత్తి 1 దాటితే దానికి −1.2 ఘాతం వేయాలి. మైనస్‌తో తికమక పడేకంటే 2కు 1.2 ఘాతం వేసి (2.297), 1ని దాంతో భాగించండి. 0.435 వస్తుంది. నిష్పత్తి 1కి లోపే ఉంటే −1.2 బదులు ఆడవారికి −0.241, మగవారికి −0.302. రెండూ కలిపి వాడకూడదు.

తర్వాత 0.9938కి వయసును ఘాతంగా వేయాలి: 0.680. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, ఘాతం బదులు 62తో గుణించేస్తారు. ఈ అంకె ఎప్పుడూ 1కి లోపే ఉండాలి.

చివరికి 142 × 0.435 × 0.680 × 1.012. జవాబు 42.5, అంటే 1.73 చదరపు మీటర్ల శరీర ఉపరితలానికి నిమిషానికి సుమారు 43 మిల్లీలీటర్లు. 142 అందరికీ ఉండే స్థిర అంకె, 1.012 ఆడవారికి మాత్రమే. ఇదే వయసు, ఇదే 1.4 ఉన్న మగవారికి 57 వస్తుంది. కిడ్నీ జబ్బు దశల్లో 43 అంటే జీ3బి (30–44), 57 అంటే జీ3ఏ (45–59). ఒక్క రిపోర్టుతో దశ ఖాయం చేయకండి, తగ్గుదల కనీసం మూడు నెలలు నిలబడాలి.

ఈ మహిళకే క్రియాటినిన్ మార్చి చూడండి. 0.7 దగ్గర 98, 1.4 దగ్గర 43, 2.8 దగ్గర 19. రెట్టింపైన ప్రతిసారీ మిగిలేది 44 శాతమే. 0.8 నుంచి 1.1కి పెరిగితే 83 నుంచి 57కి పడిపోతుంది, 26 పోయినట్టు. అదే 0.3 పెరుగుదల 2.8 నుంచి 3.1కి అయితే పోయేది రెండే. ఆ 1.1 చాలా ల్యాబ్ రిపోర్టుల్లో నార్మల్ హద్దులోపే ఉంటుంది, ఎర్ర అక్షరాలేమీ కనిపించవు. అందుకే ల్యాబ్ ఇచ్చిన హద్దుకంటే అదే మనిషి పాత రిపోర్టును పక్కన పెట్టుకోవడం మేలు.

సూత్రం సరిగ్గా వేసినా జవాబు తప్పే సందర్భాలున్నాయి. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ తరిగినవారికి, కాలు తీసేసినవారికి అది తక్కువ చూపి కిడ్నీని బాగున్నట్టు నమ్మిస్తుంది. బాగా కండపట్టినవారికి, వండిన మాంసం తిని కాసేపటికే రక్తం ఇచ్చినవారికి ఎక్కువ చూపుతుంది. ట్రైమెథోప్రిమ్ (యాంటీబయాటిక్), సిమెటిడిన్ (కడుపులో ఆమ్లం తగ్గించేది) మందులు కిడ్నీ నాళికల్లో క్రియాటినిన్ బయటికి పోయే దారిని అడ్డుకుంటాయి. వడపోత తగ్గకపోయినా అంకె పెరుగుతుంది. జాఫీ పద్ధతిలో (రంగు మారే రసాయన చర్యతో కొలిచే పాత పద్ధతి) పరీక్ష చేస్తే రక్తంలోని కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టేవి) కూడా క్రియాటినిన్‌లా లెక్కలోకి రావచ్చు, ఎంజైమ్ పద్ధతిలో ఈ బెడద తక్కువ.

క్రియాటినిన్ రోజురోజుకూ మారుతున్నప్పుడు ఈ లెక్క అసలు వేయకండి. కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోయిన మొదటి రోజు రక్తంలో అది ఇంకా పేరుకోదు, ఈజీఎఫ్‌ఆర్ దర్జాగా 70 చూపించినా చూపిస్తుంది. గర్భిణులకు, డయాలిసిస్‌లో ఉన్నవారికి, 18 ఏళ్లలోపు వారికి కూడా ఇది పనికిరాదు.

అభ్యాసం: పక్షవాతంతో ఏడాదిగా మంచంలో ఉన్న 70 ఏళ్ల పురుషుడు, క్రియాటినిన్ 0.6. ఈజీఎఫ్‌ఆర్ కట్టండి. నిష్పత్తి 1కి లోపు ఉంది, ఘాతం ఏదో చూసుకోండి. వచ్చిన అంకెను ఎంతవరకు నమ్ముతారో కూడా పక్కన రాయండి. ఇదే మనిషికి సిస్టాటిన్ సి (కిడ్నీ వడపోతను అంచనా వేయడానికి వాడే మరో రక్త ప్రోటీన్) లీటరుకు 1.6 మిల్లీగ్రాములు వచ్చింది. ఆ సూత్రం నాలుగో పాఠంలో.