వాడిన డీఎస్ఎల్ఆర్ కొనే ముందు

ఫోటోలు కొత్తగా నేర్చుకునేవాళ్లకి నికాన్ డీ3500 చక్కటి కెమెరా. 2018లో వచ్చింది, 24 మెగాపిక్సెళ్లు. ఇప్పుడు ఎక్కువగా వాడినవే దొరుకుతున్నాయి కాబట్టి డబ్బు చేతిలో పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. ఒక ఫోటో తీసి, ఆ ఫైల్లోనే ఉండే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారో చెప్పే సంఖ్య) చూడండి. లక్ష దరిదాపుల్లో ఉంటే వదిలేయండి.

• అన్నిటికంటే ముఖ్యం లెన్స్. కెమెరా నుంచి విడదీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, కాస్త వంచి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో వాడినదైతే మరీ జాగ్రత్త. ధర ఎంత తగ్గించినా వద్దు, మొహమాటపడకండి.

• తెల్లగోడని ఎఫ్22లో (లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే సెట్టింగ్) తీసి పెద్దది చేయండి. నల్లచుక్కలుంటే సెన్సర్ (లోపల ఫోటోని పట్టే చిప్) మీద దుమ్ము. శుభ్రం చేయించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

• పాత 50 ఎంఎం 'డీ' రకం లెన్స్ చవగ్గా ఇస్తామంటే తొందరపడకండి. ఆ లెన్స్‌లోనూ, ఈ కెమెరాలోనూ ఫోకస్ మోటార్ లేదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్స్‌లోనే మోటార్ ఉండే ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ రకం అడగండి.

• బ్యాటరీ ఉబ్బిందేమో తీసి చూడండి.

• బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా మీది నంబరు ఒకటే కావాలి. బిల్లు లేదంటే బేరం అక్కడితో ఆపేయండి.