61 రోజుల కథకు 50 కార్డులు: నవలకు ప్లాను వేసుకునే పద్ధతి

నవల సగంలో ఆగిపోతే చాలామంది నెపం తీరిక మీద పెడతారు. చాలాసార్లు అసలు లోటు వేరే ఉంటుంది: పాత్రకు ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో రాసేవాళ్ళు తేల్చుకోరు. గడువు లేని కథకు ఎన్ని మలుపులు తగిలించినా నడక రాదు. ప్లాను గడువుతోనే మొదలుపెట్టండి.

విశాఖ రచయితలకు ఒక గడువు చేతికి అందేలా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకూ ఇంజను పడవలకూ సముద్రంలో వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి. సంపాదన ఆగుతుంది, వడ్డీ ఆగదు. ఇంజను లేని తెప్పలకు మాత్రం నిషేధం వర్తించదు. ఒత్తిడీ, అందులోంచి బయటపడే సన్నని సందూ రెండూ దొరికాయి కాబట్టి దీన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు కథను ఒక్క వాక్యంలో రాయండి: ‘చేపలమ్మే నూకాలు జూన్ 14లోగా రెండు లక్షలు కట్టి తాకట్టు బోటు విడిపించుకోవాలి, లేకపోతే కొడుకు గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో కూలికి పోతాడు.’ ఎవరు, ఏం కావాలి, ఎప్పటిలోగా, కాకపోతే ఏం పోతుంది. ఈ నాలుగూ తేలాలి. ‘ఒక మత్స్యకార స్త్రీ జీవన పోరాటం’ అని రాసుకుంటే అది పుస్తకం అట్ట వెనక వేసుకోవడానికి బాగుంటుంది, రాయడానికి పనికిరాదు.

తర్వాత ముగింపు. బోటు దక్కుతుందా, పోతుందా? ఇక్కడ బోటు పోతుంది, కొడుకు మిగులుతాడు అనుకుందాం. అలా అనుకోగానే వెనక్కి పని పడుతుంది: బోటు వదులుకోవడానికి ఆమె ఎప్పుడు, దేనివల్ల సిద్ధపడింది? ఆ జవాబు నవల మూడొంతులు నడిచేసరికి రావాలి. ముగింపు రాస్తూ రాస్తూ అదే దొరుకుతుందని వదిలేసినవాళ్ళు చివరి ఐదు అధ్యాయాల్లో ఎవరినో ఒకర్ని చంపేస్తారు.

ఇప్పుడు లెక్క. 60,000 పదాల నవల, దృశ్యానికి 1,200 పదాలు, అంటే 50 దృశ్యాలు. రెండేసి కలిపితే 25 అధ్యాయాలు. రోజుకు 500 పదాలు రాస్తే 120 రోజులు. దృశ్యానికి ఒకటి చొప్పున పోస్టుకార్డు సైజు అట్టముక్కలు 50 తీసుకుని అంకెలు వేయండి. 6వ కార్డులో చిక్కు మొదలవుతుంది: అప్పిచ్చినవాడు గడువు చెబుతాడు. 13వ దానిలో ఆమె వెనక్కి రాలేని పని చేస్తుంది, ఇంటి పత్రం కుదువ పెడుతుంది. 25వ కార్డు దగ్గర కథ తిరగబడాలి: అప్పు కాగితం మీద హామీ సంతకం తన తమ్ముడిదేనని తెలుస్తుంది. అప్పటిదాకా బయట ఉన్న శత్రువు ఇంట్లోకి వచ్చాడు. 38వ కార్డులో కొడుకు వేరావల్ వాళ్ళ దగ్గర అప్పటికే అడ్వాన్సు పుచ్చుకున్నాడని బయటపడుతుంది. 47లో నిర్ణయం. ఒకటి రెండు కార్డులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. 25వది 33కి జారిందంటే మాత్రం మధ్యలో పాఠకుడు పుస్తకం పక్కన పెట్టేస్తాడు.

మిగతా కార్డులు అయిదేసి వరుసలతో నింపండి. ఒక కార్డు చూడండి.

కార్డు 19. మే మొదటి వారం, తెల్లవారుజామున ఐదు, పెదజాలారిపేట ఒడ్డు.
కావలసింది: తెప్ప మీద వచ్చిన చేపలు, అరువుకి.
అడ్డం: తెప్పవాడికి ఇవాళ రొక్కమే కావాలి; పక్కనే ఇంకొకామె రొక్కం పట్టుకుని నిలబడింది.
చివరికి: నూకాలు చెవిదుద్దులు తీసిచ్చింది, చేపలు దక్కాయి.
మిగిలింది: మధ్యాహ్నం కొడుకు ఆమె బోడి చెవులు చూస్తాడు.

ఆ చివరి వరుసే 20వ కార్డుకు పునాది. కార్డులన్నీ నేల మీద పరిచి, రెంటి మధ్యా ‘అందుకని’ గానీ ‘కానీ’ గానీ పెట్టి చదవండి. ‘ఆ తర్వాత’ తప్ప ఏదీ కుదరకపోతే ఆ కార్డు తీసేసినా కథకు నష్టం లేదు. మొదటిసారి పది పన్నెండు కార్డులు ఇలా రాలిపోవచ్చు. వాటిలో రామకృష్ణా బీచ్‌లో కూర్చుని గతం తలచుకునే దృశ్యాలే ఎక్కువుంటాయి. గతం చెప్పాలనుకుంటే 13వ కార్డు దాటాక చెప్పండి. అప్పటికి పాఠకుడికి అది తెలుసుకోవాలని ఉంటుంది.

కథ ఏ ఏడాది జరుగుతోందో కార్డుల కట్ట మీదే రాయండి. 61 రోజుల నిషేధం 2015 నుంచి వచ్చింది. అంతకుముందు మే 31తోనే ముగిసేది, 47 రోజులే. కథను 2014కి జరిపితే గడువు రెండు వారాలు తగ్గుతుంది, అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పడుతుంది. సింహాచలం చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ నాడు. ఏటా తేదీ మారుతుంది కాబట్టి ఆ ఏటి పంచాంగం చూడకుండా ఆ దృశ్యానికి రోజు వేయొద్దు. మత్స్యకారులకు ప్రభుత్వం ఇచ్చే నిషేధ కాలపు భృతి ఎంత, ఎప్పుడు పడిందన్నది కూడా ఆనాటి దినపత్రికల్లో చూసుకోవాలి. ఆ డబ్బు ముందే వస్తే 19వ కార్డులో దుద్దులు తీయాల్సిన పనే ఉండదు.

యాస సంగతి కూడా ప్లానులోనే తేల్చాలి. ‘ఏమిటి’ అనే చోట అందరి నోటా ‘ఏటి’ పెట్టినంత మాత్రాన ఉత్తరాంధ్ర రాదు. నూకాలు ఎలా మాట్లాడుతుంది, డిగ్రీ చదివిన కొడుకు ఇంట్లో ఎలా, బయట ఎలా మాట్లాడతాడన్నది పాత్రకు పది వాక్యాల చొప్పున ముందే రాసి పెట్టుకోండి. నూకాలు, నూకరాజు, నాగరాజు అని ఒకే అక్షరంతో మూడు పేర్లు పెడితే పాఠకుడు తికమకపడతాడు. ఇద్దరి పేర్లు మార్చండి.

రాయడం మొదలయ్యాక 13వ కార్డు దగ్గర ఒకసారి ఆగండి. రాత కార్డుల నుంచి పక్కకు వెళ్ళి ఉంటే తర్వాతి 12 కార్డులు కొత్తగా రాసుకోండి, ముగింపు కార్డు అలాగే ఉంచి. రాసేసిన అధ్యాయాలను మాత్రం దిద్దడానికి కూర్చోవద్దు. అక్కడ కూర్చుంటే ముందుకు కదలరు. ‘4వ అధ్యాయంలో తమ్ముడు సంతకం దగ్గర తడబడాలి’ అని విడి నోటుబుక్కులో రాసిపెట్టి 14వ కార్డు అందుకోండి.