ఇంట్లో ఊరగాయలు – 3వ పాఠం: చెన్నై ఎండలో మాగాయ

పోయిన పాఠంలో ఆవకాయ కలిపాం. దానికి ముక్కను పొడిగా తుడుచుకుంటే చాలు. మాగాయకి అలా కుదరదు. ముక్కలోని నీటిని ఉప్పుతో బయటికి రప్పించి, ముక్కల్ని ఎండబెట్టి, తిరిగి ఆ ఊటలోనే వేయాలి. ఉక్కపోతకి బూజు పడుతుందన్న టెన్షన్‌తో చెన్నైలో చాలామంది మనవాళ్లు దీని జోలికే పోరు. వేళ చూసుకుని ఎండబెడితే ఇక్కడ కూడా నిక్షేపంగా నిలవ ఉంటుంది.

ముందు కాయ సంగతి. కోయంబేడు మార్కెట్లో ఎక్కడ చూసినా కనిపించే కిళిమూక్కు (మన తోతాపురి) ఉప్పూకారం అద్దుకు తినడానికి బాగుంటుంది గానీ, దానికి పులుపు చాలదు. నిలవకి పులుపు కూడా కావాలి, రుచికి మాత్రమే కాదు. టెంక ముదిరిన పుల్లటి నాటుకాయ అడగండి. కోసి చూస్తే కండ తెల్లగా, గట్టిగా ఉండాలి. పసుపు తిరిగిన కాయని పప్పులో వేసేయండి.

చెక్కు తీసి, వేలెడు ముక్కలు తరిగి, కిలో ముక్కలకి 150 గ్రాముల దంచిన కల్లుప్పు, చెంచాడు పసుపు కలిపి జాడీలో పెట్టండి. రోజుకోసారి పొడి గరిటెతో తిరగేయండి. మూడో రోజుకి ముక్కలు మునిగేంత ఊట వస్తుంది. ముక్కల్ని గట్టిగా పిండి తీయండి.

ఇక ఎండ. ఇక్కడ మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తిరుగుతుంది, దాంతో చెమ్మ పెరుగుతుంది. ఉదయం ఎనిమిదికల్లా మొట్టమాడి (డాబా) మీద పరిచి, మూడింటికి లోపలికి తెచ్చేయండి. సాయంత్రం దాకా వదిలేస్తే పగలు పోయిన తడి మళ్లీ పట్టేస్తుంది. మే నెలలో వచ్చే కత్తిరి ఎండలు దీనికి బహు శ్రేష్ఠం. ఊటని గాజు గిన్నెలో పోసి, పల్చటి బట్ట కట్టి, పక్కనే ఎండలో పెట్టండి. రాత్రిళ్లు ముక్కల మీద బట్టే కప్పండి, మూత పెడితే లోపల చెమరుస్తుంది. మామూలుగా రెండు మూడు ఎండలు చాలు. ముక్క ముడతపడి, నొక్కితే చేతికి తడి అంటకూడదు, అంతే. పెళపెళలాడేదాకా ఎండిస్తే అది వరుగు, ఊటలో ఎంత నానినా ఆ మెత్తదనం రాదు.

ముక్కలు, ఊట, 120 గ్రాముల కారం, వేయించి కొట్టిన మెంతిపొడి 20 గ్రాములు కలపండి. పావుకిలో నువ్వుల నూనెలో (కొట్లో నల్లెణ్ణెయ్ అని అడగండి) ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి, పూర్తిగా చల్లారాకే పోయండి. వేడి మీద పోస్తే కారం నల్లబడుతుంది. మూడో నాడు తిరగకలిపి ఉప్పు చూడండి, తక్కువైతే అప్పుడే కలపాలి.

నిలవకి జాడీ గానీ గాజుసీసా గానీ వాడండి. అల్యూమినియం పాత్ర అసలు వద్దు, ఉప్పూ పులుపూ దాన్ని తినేస్తాయి. నూనె ఎప్పుడూ పైన తేలుతూ ఉండాలి, గాలి తగలకపోతే బూజుకి చోటుండదు. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద జాడీకి వాసెన కట్టేయండి. ఎప్పుడైనా బూజు కనిపిస్తే పైపైన తీసేసి తినకండి. దాని పోగులు కంటికి కనపడకుండా లోపలికి దిగుతాయి. పిల్లలు తినే ఇంట్లో ఆ పచ్చడి మొత్తం పారేయడమే మంచిది.

వచ్చే పాఠం నిమ్మకాయ. పల్చటి తొక్క ఉన్నవి పాతిక కాయలు తెచ్చి, ఒక జాడీ కడిగి ఎండలో పెట్టుకోండి.