ప్లాన్ పెంచే ముందు తీగను పరీక్షించండి: ఇంటి బ్రాడ్‌బ్యాండ్ సమస్యలు, పరిష్కారాలు

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో నెట్‌కు సంబంధించిన ఏ ఫిర్యాదైనా చివరికి నా దగ్గరికే వస్తుంది. కొన్నేళ్లుగా ఆ పని ఇష్టంగానే చూస్తున్నాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "నెట్ నెమ్మదిగా ఉందండీ, ఇంకా పెద్ద ప్లాన్‌కు మారమంటారా?" వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో ప్లాన్‌ది ఏ తప్పూ ఉండదు. రూటరు టీవీ వెనక చెక్క అలమరలో మగ్గుతూ ఉంటుంది, లేదా గోడ వెంట వచ్చిన తీగ తలుపు సందులో నలిగి ఉంటుంది. ప్లాన్ పెంచితే నెలకు నాలుగైదు వందలు అదనంగా పోతాయి, నలిగిన తీగ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఎవరు అడిగినా ప్లాన్ సంగతి పక్కనపెట్టి, ముందు లక్షణం చెప్పమంటాను.

లక్షణం ఏదైనా ముందుగా ఒక పరీక్ష చేయాలి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటరుకు కలపండి. ఇంట్లోని ఫోన్లు, టీవీల వైఫై కాసేపు ఆపండి. స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాసిపెట్టుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి, ఇలా మూడు రోజులు చేయండి. తీగ మీద పూర్తి స్పీడ్ వస్తుంటే లోపం మీ ఇంట్లోనే ఉంది, దానికి కంపెనీని నిందించి లాభం లేదు. తీగ మీద కూడా రాకపోతే కంపెనీని అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

లక్షణం: 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాను, డౌన్‌లోడ్‌లో 12 దాటడం లేదు

ఇది లోపం కాదు. కంపెనీలు స్పీడ్‌ను ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెబుతాయి. ఫైలు డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కంప్యూటర్ సాధారణంగా మెగాబైట్లలో చూపిస్తుంది. ఒక బైటుకు 8 బిట్లు. 100ను 8తో భాగిస్తే పన్నెండున్నర. సెకనుకు 12 మెగాబైట్లు వస్తున్నాయంటే మీ ప్లాన్ దాదాపు పూర్తిగా అందుతున్నట్టే.

లక్షణం: 200 ప్లాన్‌కు మారినా 95 దగ్గరే ఆగిపోతోంది

94, 95 అనే అంకె కనబడగానే నాకు సగం సంగతి అర్థమైపోతుంది. 100 ఎంబీపీఎస్ సామర్థ్యం ఉన్న ల్యాన్ పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) గుండా ఆచరణలో వచ్చేది అంతే. మీరు కొన్నది 200 అయినా, 300 అయినా, మధ్యలో ఎక్కడో 100 దగ్గర గేటు పడి ఉంది. ఆ గేటు మూడు చోట్ల ఉండవచ్చు.

మొదటిది రూటరు. తక్కువ ధర రూటర్లలో నేటికీ 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. అట్టపెట్టె మీద 1200 అనో 1500 అనో పెద్ద అంకె వేసినా అది వైఫైకి సంబంధించినది, పోర్టు సంగతి అందులో తెలియదు. "గిగాబిట్ పోర్టు" (1000 ఎంబీపీఎస్ వరకు పనిచేసేది) అని విడిగా రాసి ఉందో లేదో చూడండి. రెండోది మీ ల్యాప్‌టాప్. పాతవాటిలో కొన్నింటికి ల్యాన్ పోర్టు 100 వరకే పనిచేస్తుంది. మూడోది ఎవరూ అనుమానించనిది, కేబుల్. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది సన్నని తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు అందులో నాలుగు చాలు, అంతకు మించాలంటే ఎనిమిదీ పనిచేయాలి. మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగినా, చివర క్లిప్‌లో సరిగా బిగుసుకోకపోయినా రెండు వైపుల పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. నెట్ ఆగదు కాబట్టి ఎవరికీ తెలియదు.

మూడో అంతస్తులో ఉండే టీచరుగారు ఏడాది పాటు 200 ప్లాన్‌కు డబ్బు కట్టారు. వారి ఇంటికి డాబా మీది స్విచ్ (నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టె) నుంచి వచ్చే కేబుల్‌లో నాలుగు తీగలే బిగించి వదిలేశారు. మిగతా నాలుగూ క్లిప్ బయట మడతపెట్టి ఉన్నాయి. కొత్త క్లిప్ వేయించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ ఏడాది పొడవునా వారు అదనంగా కట్టిన సొమ్ము గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెబుతున్నాను: ప్లాన్ పెంచిన రోజే, అమర్చడానికి వచ్చిన మనిషి వెళ్లిపోకముందే, తీగ మీద స్పీడ్ టెస్ట్ చేయించి చూడండి.

లక్షణం: హాల్లో బాగుంది, పడకగదిలో రావడం లేదు

ప్లాన్ పెంచితే ఇది రవ్వంత కూడా తగ్గదు. రూటరు రెండు రకాల వైఫై ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కాని నెమ్మది. పైగా అపార్ట్‌మెంట్లలో పక్కింటి రూటర్లన్నీ అదే దారిలో కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కాని రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. కాంక్రీటు గోడ, ఇనుప బీరువా, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు, ఇవన్నీ దానికి అడ్డే.

ముందు రూటరును అలమరలోంచి తీసి ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తులో పెట్టండి. చాలా ఇళ్లలో ఇదొక్కటే చాలు. సరిపోకపోతే పడకగదికి ఒక ల్యాన్ కేబుల్ లాగించి అక్కడ రెండో రూటరును యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ కేబుల్ మీద వచ్చే నెట్‌ను అక్కడ వైఫైగా ఇచ్చేలా పెట్టించండి. గోడకు గుచ్చే చిన్న ఎక్స్‌టెండర్లను నేను సిఫారసు చేయను. వాటిలో తక్కువ ధరవి అందుకున్న సిగ్నల్‌నే అదే దారిలో మళ్లీ పంపుతాయి, దాంతో స్పీడ్ సగానికి పడిపోతుంది. టీవీ కదలదు కాబట్టి దానికి వైఫై అవసరమే లేదు. టీవీని కేబుల్‌తో కలిపితే ఫోన్లకు కూడా ఊపిరి ఆడుతుంది.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది: ఎంత ప్లాన్ చాలు? నెట్‌ఫ్లిక్స్ తన 4కె వీడియోకు 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ ఉంటే చాలంటుంది. వీడియో తరగతికో ఆఫీసు మీటింగుకో మూడు నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. రెండు టీవీల్లో 4కె నడుస్తూ, ఒకరు మీటింగులో, ఒకరు తరగతిలో, ఇద్దరు ఫోన్లలో ఉన్నా మొత్తం 50 దాటదు. నలుగురున్న ఇంటికి 100 నిండుగా సరిపోతుంది. ఇద్దరే ఉండే ఇంటికి 40 కూడా చాలు. పెద్ద పెద్ద గేములు, వీడియో ఫైళ్లు రోజూ దించుకునేవారికే 300, 500 అవసరం. హైదరాబాద్‌లో 1 జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) ప్లాన్ 2017లోనే వచ్చింది, కాని గది అవతల వైఫై మీద ఉన్న ఫోనుకు అందులో చిన్న భాగమే అందుతుంది.

లక్షణం: పగలంతా బాగుంటుంది, రాత్రి 8 దాటితే లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంటుంది

ఉదయం, రాత్రి చేసిన పరీక్షలు ఇక్కడ అక్కరకు వస్తాయి. తీగ మీద ఉదయం 98, రాత్రి 20 అని మీ కాగితం చెబుతుంటే, వీధికంతటికీ తెచ్చిన లైను ఆ సమయంలో చాలడం లేదని అర్థం. మీరు 100 నుంచి 300కు మారినా అందరూ పంచుకునే పెద్ద లైను అదే. రాసుకున్న అంకెలతో ఫిర్యాదు చేయండి. రెండు వారాల్లో మార్పు రాకపోతే కంపెనీనే మార్చండి. మొబైల్ నంబరులా ఇక్కడ పోర్టబిలిటీ లేదు, కొత్త కనెక్షన్ తీసుకోవాల్సిందే. కొత్తది వచ్చి వారం సవ్యంగా నడిచాకే పాతది తీసేయించండి. కొత్త కంపెనీని ఎంచుకోవడానికి నాకు తెలిసిన మంచి మార్గం ఒక్కటే. మీ వీధిలో అదే కంపెనీ నెట్ వాడుతున్న ఇంటికి రాత్రి 9 గంటలకు వెళ్లి, వారి అనుమతితో స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. వేరే పేటలో అదే కంపెనీ ఎంత బాగున్నా మీ వీధి సంగతి దాంతో తెలియదు.

లక్షణం: సినిమాలు చక్కగా వస్తాయి, వీడియో కాల్‌లో మాత్రం మన మాట అవతలివారికి తెగిపోతుంది

అప్‌లోడ్ తక్కువగా ఉంది. సినిమా చూడటానికి మనకు వచ్చేది చాలు, మన ముఖం, మాట అవతలికి వెళ్లాలంటే పంపే దారి కూడా వెడల్పుగా ఉండాలి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉండేది డౌన్‌లోడ్ అంకె. "అప్‌లోడ్ ఎంత?" అని విడిగా అడిగి, ప్లాన్ వివరాల్లో రాతపూర్వకంగా చూడండి. ఫైబర్ (వెలుగును మోసే గాజు తీగ) నేరుగా ఇంట్లోకి వచ్చే ప్లాన్లలో చాలావాటికి రెండూ సమానంగా ఉంటాయి. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చేదాంట్లో అప్‌లోడ్ బాగా తక్కువ. అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడటానికే నెట్ పెట్టించుకున్న పెద్దవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. వారికి నా సలహా ఎప్పుడూ ఒకటే: డౌన్‌లోడ్ తక్కువైనా ఫరవాలేదు, రెండూ సమానంగా ఉన్న ప్లాన్ తీసుకోండి.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. ఫోన్లలోని ఫొటోలు సరిగ్గా అదే సమయంలో క్లౌడ్‌లోకి ఎక్కుతూ ఉంటే అప్‌లోడ్ దారి నిండిపోతుంది. ఆ బ్యాకప్‌ను రాత్రి పడుకున్న తర్వాత జరిగేలా పెట్టుకోండి.

లక్షణం: అన్‌లిమిటెడ్ అన్నారు, నెల చివర ఒక్కసారిగా పాకుతోంది

అన్‌లిమిటెడ్ అనే మాట కింద చిన్న అక్షరాలతో ఎఫ్‌యూపీ పరిమితి ఉంటుంది, అంటే నెలలో పూర్తి స్పీడ్‌తో వాడుకోగల డేటాకు హద్దు. మన దగ్గర చాలా ఫైబర్ ప్లాన్లలో అది నెలకు 3300 జీబీ. మామూలు కుటుంబం దాన్ని దాటడం అరుదు. 5జీ సిగ్నల్‌తో తీగ లేకుండా వచ్చే కనెక్షన్లలో 1000 జీబీ పరిమితి కనిపిస్తుంది. స్థానిక ఆపరేటర్ల చవక ప్లాన్లలో ఇంకా తక్కువ ఉండవచ్చు. పరిమితి ఎంత, దాటాక స్పీడ్ ఎంతకు పడిపోతుంది, ఈ రెండూ అడగండి. 4కె వీడియో గంటకు ఆరేడు జీబీ తింటుంది. రోజంతా రెండు టీవీలు 4కెలో నడిచే ఇల్లు నెల తిరగకముందే 1000 దాటేస్తుంది. టీవీలో నాణ్యతను ఫుల్ హెచ్‌డీకి తగ్గిస్తే డేటా ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

లక్షణం: 499 అన్నారు, 589 బిల్లు వచ్చింది

18 శాతం జీఎస్టీ. ప్రకటనలోని ధరకు ఇది దాదాపు ఎప్పుడూ అదనమే. ఓటీటీలతో కలిపి ఇచ్చే ప్లాన్ల విషయంలో కాగితం మీద లెక్క వేసుకోండి: ఓటీటీలు లేని ప్లాన్‌తో తేడా ఎంత, అందులో మీరు నిజంగా చూసేవి ఎన్ని? ఆరు నెలలకో ఏడాదికో ముందే కడితే అమర్చడం ఉచితం, ఒక నెల అదనం అంటారు. రాత్రి పరీక్ష చేయకుండా ఏడాది సొమ్ము ఎప్పుడూ కట్టకండి. మొదట ఒక్క నెలకే తీసుకోండి, అమరిక ఖర్చు చేతి నుంచి పడినా సరే.

లక్షణం: మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోతే నెట్ పోతుంది

ఫైబర్ నేరుగా మీ ఇంట్లోని పరికరానికి వస్తుంటే, ఆ పరికరానికి కరెంటు ఉన్నంతసేపూ నెట్ నడిచే అవకాశం ఎక్కువ. డాబా మీదో పక్క వీధిలోనో ఉన్న స్విచ్ నుంచి ల్యాన్ కేబుల్ లాగి ఇచ్చే కనెక్షన్లలో, అక్కడ కరెంటు పోతే మీ ఇన్వర్టర్ ఏమీ చేయలేదు. అందుకే కనెక్షన్ తీసుకునే ముందు "ఫైబర్ ఇంట్లోకి వస్తుందా?" అని అడగండి. ఇన్వర్టర్ లేనివారు రూటరు కోసమే దొరికే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనుక్కోవచ్చు.

లక్షణం: ఊళ్లో అమ్మానాన్నల ఇంటి సీసీ కెమెరా ఇక్కడి నుంచి కనబడటం లేదు

చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో బయటివారికి కనబడే నంబరును) ఎన్నో ఇళ్లకు పంచుతాయి. దాంతో బయటి నుంచి మీ ఇంటి డీవీఆర్‌కు (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెకు) నేరుగా దారి దొరకదు, రూటరు సెట్టింగుల్లో పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. క్లౌడ్ ద్వారా చూపించే కెమెరా యాప్ వాడండి, లేదా నెలకు కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే చెందిన మారని చిరునామా, అడగండి.

లక్షణం: వారానికోసారి పూర్తిగా ఆగిపోతుంది, పరికరం మీద ఎర్ర దీపం

ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. రూటరును ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు. ఫైబర్ గాజు తీగ, అందుకే ఇంట్లో ఎక్కడైనా బిగుతుగా మడతపడిందేమో చూడండి. లేకపోతే బయట తెగింది. ఎర్ర దీపం వెలగకుండానే నెట్ తరచూ పోయి వస్తుంటే, వచ్చిన టెక్నీషియన్‌ను ఫైబర్‌లో వెలుగు బలాన్ని పవర్ మీటరుతో కొలవమనండి. రీడింగు మైనస్ 27 డీబీఎం దగ్గరికో అంతకంటే కిందికో దిగితే అతుకులు మళ్లీ వేయాలి.

తీగ ఏ దారిన వస్తుందన్నది ప్లాన్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించడంతో నగరంలో ఎన్నో ఇళ్లకు నెట్ ఆగింది. ప్రాణాల ముందు నెట్ ఏపాటిది? కాని ఇంటి నుంచి పనిచేసేవారు ఒక్క తీగనే నమ్ముకోకూడదని అప్పుడు తెలిసింది. ఫోన్ హాట్‌స్పాట్‌కు సరిపడే డేటా ఎప్పుడూ ఉంచుకోండి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కూడా విద్యుత్ స్తంభాల మీదుగానే పల్లెలకు చేరింది. అక్కడ ఇంటికి కనెక్షన్ ఇచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటరు. తీగ తెగిన రోజు రావలసింది కూడా ఆయనే, కాబట్టి ఎన్ని గంటల్లో వస్తారో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోండి.

ఫిర్యాదు ఫోనులో చెప్పి ఊరుకోకండి, డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి, దానికి రుసుము లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను విచారించదు. అప్పీలులోనూ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కనెక్షన్ వదులుకునేటప్పుడు రూటరు, అడాప్టరు తిరిగి ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. డిపాజిట్ వెనక్కి అడిగిన రోజు కంపెనీ మొదట అడిగేది ఆ కాగితాన్నే.