పాత చిన్న కారు కొనే ముందు దాని కాగితాలు చదివే పద్ధతి

తెల్ల నంబర్ ప్లేటున్న సొంత బండిని మన దగ్గర ఏటేటా ఎవరూ తనిఖీ చేయరు. రిజిస్ట్రేషన్ అయిన 15 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఆర్టీఏ వాళ్లు చూస్తారు, అంతే. అందుకే ఎనిమిదేళ్లు నడిచిన ఆల్టోనో, వ్యాగన్‌ఆర్‌నో, ఐ10నో కొనబోతుంటే దాని సంగతంతా చెప్పే ఒక్క కాగితం దొరకదు. సర్వీసింగ్ జాబ్ కార్డులు, ఇన్సూరెన్స్ పాలసీలు, పొల్యూషన్ సర్టిఫికెట్లు, చలాన్లు, ఫాస్టాగ్ లెక్క అన్నీ తెచ్చి ఒక తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీయండి: తేదీ, కిలోమీటర్లు, చేసిన పని. గంట పని. విడిగా చూస్తే ప్రతి కాగితమూ ముచ్చటగానే ఉంటుంది. పక్కపక్కన పెడితేనే లొసుగు కనబడుతుంది.

ముందు ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) నంబరుంటే ఆ బండి 2014 జూన్‌కు ముందుది. దాని 15 ఏళ్ల గడువు ఎప్పటితో తీరుతుందో చూడకుండా ధర మాట్లాడొద్దు. టీఎస్ 05, టీఎస్ 06 ఆ తర్వాతివి, టీజీ అయితే 2024 మార్చి తర్వాతిది. కేఏ 36 అంటే రాయచూరు బండి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ టాక్స్ ఖర్చు కలుపుకుంటే చవక కాస్తా పోతుంది. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ తీరిందా, ఒకప్పుడు పసుపు ప్లేటు మీద టాక్సీగా తిరిగిందా అన్నవి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. టాక్సీగా తిరిగిన బండికైతే అప్పటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఉంటాయి. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి మధ్యలో ఖాళీ ఉంటే ఎందుకో అడగండి.

ఇక కిలోమీటర్లు. ఉదాహరణకు ఒక బండి జాబ్ కార్డుల్లో 2018లో 11,200, 2019లో 23,900, 2020లో 29,000, 2021లో 41,500 అని ఉంది. 2022లో కార్డు లేదు. 2023లో 38,700. మీటర్ తిప్పినట్టే, ఇందులో ఇంకో అర్థం లేదు. 2020లో తక్కువ తిరగడం మాత్రం తప్పు కాదు, లాక్‌డౌన్‌లో అందరి బండ్లూ ఇంట్లోనే ఉన్నాయి. ఆ ఏడాదీ ఎప్పటిలాగే 12 వేలు తిరిగినట్టుంటే అప్పుడు అనుమానించాలి.

అమ్మేవారి దగ్గర కార్డులు లేకపోయినా కంపెనీ షోరూంలో చేయించిన సర్వీసింగులు బండి నంబరు మీద వాళ్ల కంప్యూటర్లో ఉంటాయి. ఓనరును వెంటబెట్టుకుని వెళ్లి సర్వీస్ అడ్వైజర్‌ను ప్రింటు అడగండి. వారంటీ అయిపోయాక చాలామంది ఊళ్లో మెకానిక్ దగ్గరికి మారతారు. అది నేరం కాదు. అప్పుడు స్పేర్ పార్టుల షాపు బిల్లులు, ఆయిల్ మార్చినప్పుడు అతికించిన స్టిక్కర్లు చూడాలి.

వీటికంటే మొండి సాక్ష్యం ఫాస్టాగ్ లెక్క. ఓనరు తన బ్యాంకు యాప్‌లోంచి తీసివ్వగలడు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి రావడం దాదాపు 200 కిలోమీటర్లు, దారిలో పంతంగి టోల్. మహబూబ్‌నగర్ నుంచీ దూరం అంతే, అటు రాయికల్ టోల్. వారానికి రెండుసార్లు పోయివచ్చిన బండి ఏడాదికి 20 వేలు తిరుగుతుంది. మీటర్ ఏడాదికి 8 వేలు చూపిస్తుంటే మిగతావి ఎటు పోయాయి? చలాన్లు కూడా ఇలాగే పనికొస్తాయి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో తేదీ, చోటు, ఫొటో ఉంటాయి. ‘ఊళ్లోనే తిరిగింది అన్నా’ అన్న బండి ఔటర్ రింగ్ రోడ్డు మీద పదిసార్లు కనబడొచ్చు. ఫొటోలో సొట్టపడిన బంపరు కనబడితే మరీ మంచిది.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది మూడో గడి దగ్గర, అంటే చేసిన పని దగ్గర. రిపేర్లు ఎక్కువున్న బండి చెడ్డదని చాలామంది భయపడతారు. క్లచ్ ప్లేటు ఒకసారి, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద పట్టి ఉంచే కడ్డీలు) ఒకసారి, బ్యాటరీ నాలుగేళ్లకోసారి మారిస్తే అది బాగా చూసుకున్న బండి. భయపడాల్సింది ఒకే పని మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు. అసలు జబ్బు దొరకలేదని, లేదా దొరికినా ఖర్చుకు జంకి పైపైన సరిపెట్టారని దాని అర్థం.

ఏసీ గ్యాస్ ప్రతి ఎండాకాలం నింపించి ఉంటే లీకేజీ ఉన్నట్టే. గ్యాస్ దానంతటది అరిగిపోదు. పైపు జాయింటు దగ్గరైతే చిన్న ఖర్చు. లోపలి కూలింగ్ కాయిల్ అయితే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి. రెండేళ్లలో రెండు బ్యాటరీలు మారితే ఆల్టర్నేటర్‌ను (బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం), కరెంటు లీకేజీని పరీక్ష చేయించాలి. నాలుగైదు వేల కిలోమీటర్లకే వీల్ అలైన్‌మెంట్ మళ్లీ మళ్లీ వచ్చి, టైరు ఒక అంచు అరుగుతుంటే సస్పెన్షన్ బుష్‌లు (అక్కడి రబ్బరు ముక్కలు) పోయి ఉండాలి, లేదా పాత యాక్సిడెంట్‌లో కింది భాగం వంగి ఉండాలి. మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ బండికి ఆయిల్ మార్పిడికి సుమారు 3 లీటర్లు పడుతుంది. ఆ బిల్లుల మధ్య ఒక్కో లీటరు బిల్లులు కనబడుతుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, లేదా కారుస్తోంది.

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ గురించి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంకాస్త లోతుగా చూడాలి. రేడియేటర్లో బోరు నీళ్లు పోసే అలవాటు ఇక్కడ ఎక్కువ. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ రేడియేటర్‌ను పాడుచేసేది ఆ నీళ్లలోని సున్నం, ఉప్పు. వేడికి తెల్లగా పేరుకుని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి, వాటర్ పంపు సీలు పోతుంది, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ తినుకుపోతుంది. కార్డుల్లో రెండు మూడేళ్లకోసారి కూలెంట్ మార్చినట్టుందా చూడండి. ‘రేడియేటర్ క్లీనింగ్’, ‘థర్మోస్టాట్ తీసివేత’, ‘హెడ్ గ్యాస్కెట్’ (హెడ్ కింద ఉండే సీలు) అన్న మూడు మాటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తే ఆ బండిని వదిలేయడమే మేలు. ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్‌ను తీసేస్తే వేడి తగ్గినట్టే ఉంటుంది, కానీ ఇంజిన్ చల్లగా నడిచి మైలేజీ పడిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత విప్పి చూడండి. ఆకుపచ్చో, నీలమో, ఎరుపో తేటగా ఉండాలి. తుప్పు రంగున్నా, మూత కింద తెల్ల పొరున్నా అది బోరు నీళ్ల బండే.

ఉండాల్సిన పని లేకపోవడం కూడా సమాచారమే. ఆల్టో 800లో ఇంజిన్ వాల్వులను వేళకు కదిలించేది టైమింగ్ బెల్టు. లక్ష కిలోమీటర్లకు దగ్గరవుతున్నా అది మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. ఆల్టో కె10లో ఆ పనికి ఉండేది చైను. దానికి టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు చూపిస్తే ఆ బిల్లు ఇంకో బండిది. ఫ్యాన్ బెల్టు వేరు, రెండూ కలిపేయకండి. సీఎన్‌జీ ఉంటే ఆర్‌సీలో నమోదు, సిలిండరుకు మూడేళ్లకోసారి చేసే హైడ్రో టెస్టు (నీళ్ల ఒత్తిడితో చేసే పరీక్ష) కాగితం రెండూ ఉండాలి.

ఇన్సూరెన్స్ పాలసీలో చూడాల్సింది నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ తీసుకోనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదిని బట్టి 20, 25, 35, 45, 50గా పెరుగుతుంది, క్లెయిమ్ తీసుకుంటే సున్నాకు పడుతుంది. ఒకే ఓనరు దగ్గర ఆరేళ్లున్న బండికి 20 ఉంటే మొన్నమొన్ననే ఏదో జరిగింది. కానీ ఈ బోనస్ మనిషిది, బండిది కాదు. రెండో ఓనరు సున్నా నుంచి మొదలుపెడతాడు, పాలసీ 90 రోజులకు మించి ఆగినా పోతుంది. థర్డ్ పార్టీ పాలసీలో అసలు ఉండదు. క్లెయిమ్ ఉందంటే టింకరింగ్ బిల్లు అడగండి. బంపర్, ఫెండర్, డోర్ మారితే ఫరవాలేదు. బండికి ఎముకల్లాంటి ఏప్రాన్, పిల్లర్, క్రాస్ మెంబర్ అన్న పేర్లుంటే బేరం ఆపేయండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం, విజయవాడ మునిగాయి. ఆ తర్వాతి వారాల్లో స్టార్టర్ మోటర్, ఆల్టర్నేటర్, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్), కార్పెట్, గేర్ ఆయిల్ ఒకేసారి మారి ఉంటే అది నీళ్లలో మునిగిన బండి.

పొల్యూషన్ సర్టిఫికెట్‌ను ఎవరూ చదవరు. బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణం) పెట్రోల్ బండికి ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) దాటకూడదు. మొదటిది ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ పోతోంది: మన దుమ్ముకు పూడుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కావచ్చు, ఆక్సిజన్ సెన్సర్ కావచ్చు. రెండోది ఒక్కటే ఎక్కువైతే ఏదో సిలిండర్ సరిగా మండటం లేదు. మూడు సర్టిఫికెట్లలోనూ ఒకే అంకెలుంటే పైపులో గొట్టం పెట్టకుండానే ప్రింటు తీశారు. ఇంజిన్ వేడెక్కాక మీ ఎదుటే మళ్లీ చేయించండి.

పాత కార్లు అమ్మే కంపెనీలిచ్చే తనిఖీ రిపోర్టులో వందల టిక్కులుంటాయి. సగం వైపర్లు, లైట్లు, సీటు కవర్లే. ఇంజిన్, గేర్ బాక్స్, ఛాసిస్ దగ్గర రాసిన ముక్కలు, ‘పరీక్షించలేదు’ అని వదిలేసిన గళ్లు చదివితే చాలు.

కాగితాలన్నీ కుదిరాక బండితో సరిపోల్చాలి. టైరు మీద 3519 అనుంటే 2019లో 35వ వారంలో తయారైంది. 2019 బండి మీటర్ 25 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ 2023వి అయితే, మొదటి సెట్టు అంత త్వరగా ఎలా అరిగిందో చెప్పించుకోండి. చివరగా స్టీరింగ్ కింది సాకెట్‌కు వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివేది) పెట్టండి. కోడ్లు లేవని సంతోషపడే ముందు ‘కోడ్లు చెరిపాక నడిచిన దూరం’ అన్న అంకె చూడండి. అది 12 కిలోమీటర్లని వస్తే మీరు వచ్చే ముందే ఎవరో తుడిచేశారు. చెక్ ఇంజిన్ లైటు మళ్లీ వెలిగే వీలుండేలా ఆ బండిని వంద కిలోమీటర్లు నడిపించాక ఇంకోసారి స్కాన్ చేయించి, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి.